ఓబులేసు చిటికె

మదనపల్లె టమాటాల లారీ నడిపే ఓబులేసు ఆవులింతను మింగడంలో ఆరితేరినవాడు. డ్రైవరు ఆవులిస్తే చాలు, బండి తనంతట తానే పక్కకు ఆగి, అతను అరగంట నిద్రపోతే తప్ప కదలని రోజులవి. నాలుగింటికి కర్నూలులో కూతురి కబడ్డీ ఫైనలు. సంగటి తిన్న మత్తులో ఆవులింత తన్నుకొచ్చింది. తువ్వాలుతో మూతి కప్పేశాడు గానీ, ఆవులిస్తే చిటికె వేయాలని చిన్నప్పుడు అవ్వ నేర్పిన అలవాటు పోలేదు. వేళ్లు టక్కుమన్నాయి.

లారీ పక్కకు జరిగి ఆగింది. "చిటికె ఇనపడిందిలే, ఓబులేసన్నా," అంది స్పీకరులోంచి.

"ఆవులింత కాదే. పాటకు తాళమేసినా."

"మొన్న ఇట్లే తువ్వాలు కప్పుకొని డివైడరు ఎక్కించబోతివి. అదీ తాళమేనా? సరే, ఆ పాట పాడు. నమ్మితే పోదాం."

ఓబులేసు గొంతు సవరించుకున్నాడు. రెండో మాట దగ్గరే రాగం సాగి సాగి, దవడలు చెవులదాకా తెరుచుకున్నాయి. చిటికెకు చెయ్యి మాత్రం లేవలేదు.

ఈసారి చిటికె లారీయే స్పీకరులో వేసింది. సీటు వాల్చి, కూతురికి ఫోను కలిపింది.

"పాపా, మీ నాయన రావడం అరగంట లేటయితాది. వచ్చేది మాత్రం ఖాయం."