గేటు పడితే నోరెత్తకూడదు

గేటు పడితే జనం తిట్టుకుంటారు, మా ఆయన పండగ చేసుకుంటాడు. రైల్వే గేట్ల వీడియోలు తీయడం ఆయనకున్న పిచ్చి. కారు నడిపి తీసుకెళ్ళే ఖర్మ నాది. ఊరవతల ఆ చీకట్లో గంట మొదలవగానే, గేటు దగ్గర కెమెరా పెట్టుకుని నిలబడ్డ ఆయన, ఎప్పటిలాగే కారులో ఉన్న నా వైపు తిరిగి పెదవుల మీద వేలు పెట్టాడు. నా గొంతు వీడియోలో పడిందంటే ఇల్లు పీకి పందిరేస్తాడు మరి.

రైలు దడదడలాడుతూ పోయింది. చూద్దును కదా, ఈయన పట్టాల అవతల నిలబడి ఉన్నాడు. గేటు ఇంకా లేవనే లేదు! ఈ మనిషికి బుద్ధి ఎప్పుడొస్తుందో అనుకుంటూ హారన్ మీద చెయ్యి వేశాను. గేటు దీపం వెలుగులో, అదే గళ్ళ చొక్కాలో, మళ్ళీ పెదవుల మీద వేలు పెట్టాడు.

అంతలో పక్క సీటు తలుపు తెరుచుకుంది. చంకలో కెమెరా స్టాండుతో ఆయన వచ్చి కూర్చున్నాడు.

"అదిరిపోయిందనుకో! పద, ఇంటికెళ్దాం" అన్నాడు. "ఏంటే, మాట్లాడవేం? రికార్డింగ్ ఆపేశాగా."

పట్టాల అవతల ఆయన ఇంకా వేలు దించలేదు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి, ఆయన మాట విని నోరు మూసుకున్నాను.