మేలిముసుగు

"ఇక్కడికా!" అన్నాడతను. బండి ఆపాడు గాని దిగలేదు.

వృద్ధాశ్రమం గేటుకి రంగు కాగితాలు కట్టి ఉన్నాయి. లోపల సిస్టర్లు పాట సాధన చేస్తున్నారు.

"ముందే చెప్తే రావుగా!" అంది అమ్మాయి, వెనక సీటు దిగి హెల్మెట్ అతని చేతిలో పెడుతూ. "ఎప్పుడు రమ్మన్నా నీకేదో పని అడ్డొస్తుంది. ఇవాళ పెద్దల రోజు. ఒక్కో పెద్దాయన పక్కన, పెద్దావిడ పక్కన వాళ్ళ కుర్ర స్నేహితులు కూర్చోవాలని మదర్ ఆర్డరు. మా దర్జీ అమ్మమ్మ పక్కన నేనూ నువ్వూ."

"నాకీ ఆశ్రమాల వాసన పడదు. నువ్వెళ్ళిరా, నేనిక్కడే ఉంటాను."

"పెళ్ళి ఈ ఆశ్రమం చర్చిలోనే అని మదర్‌కి మాటిచ్చాను. పెళ్ళికొడుకు మొహమైనా చూపించకపోతే ఎలా?"

"ఎవరికీ తెలియకుండా సింపుల్‌గా చేసుకుందామంటే వినవు కదా" అని సణిగాడు. ఆమె చెయ్యి పట్టి లాగేసరికి దిగక తప్పలేదు.

అతనిది మందుల కంపెనీ ఉద్యోగం. నెలలో సగం రోజులు ఈ ఊళ్ళో, సగం రోజులు ఎక్కడెక్కడో. ఆ అమ్మాయిది బ్యూటీ పార్లరు. పెద్దవాళ్ళకి జుట్టు కత్తిరించి పెట్టమని సిస్టర్ అడిగితే మొదటిసారి ఇక్కడికొచ్చింది. "కత్తెర పట్టుకోవడం అలాగటే? ఇలా ఇవ్వు" అని లాక్కుంది దర్జీ అమ్మమ్మ. తిట్టడమంతా అయ్యాక, "తిన్నావా?" అని అడిగింది.

అమ్మానాన్నలు పోయి, పిన్ని ఇంట్లో తిన్న ప్రతి ముద్దకీ ఒక మాట పడుతూ పెరిగిన పిల్ల ఆమె. ఆ ఒక్క మాటకే అమ్మమ్మకి అతుక్కుపోయింది. పార్లరు సెలవొస్తే చాలు, ఇక్కడే మకాం. పెళ్ళిలో తన చెయ్యి పట్టుకుని నడిపించేది అమ్మమ్మే అని ఎప్పుడో ఖాయం చేసుకుంది.

అమ్మమ్మకి ఉన్నది ఒక్కగానొక్క మనవరాలు. దూరపు ఊళ్ళో ఉంటుంది. వారానికోసారి సిస్టర్ ఫోన్‌కి చేసి అమ్మమ్మతో మాట్లాడుతుంది. మిగతా లోకమంతా అమ్మమ్మ తలలో కలగాపులగమైపోయింది. ఫాదర్‌ని "తమ్ముడూ" అంటుంది. మొన్న ఫ్యాను బాగుచెయ్యడానికొచ్చిన కుర్రాణ్ణి చూసి కొంగు సర్దుకుని, "మా ఆయనొచ్చారు, మంచినీళ్ళివ్వండి" అంది. మతి మరిచింది గాని చెయ్యి మరవలేదు. ఆ అమ్మాయి పెళ్ళి మేలిముసుగుకి తనే లేసు కుడుతోంది.

"చూడు" అంది ఆ అమ్మాయి వరండాలో నడుస్తూ. "ఆవిడ నిన్ను ఏమని పిలిచినా పలుకు. ఏమడిగినా కాదనకు. కాదంటే చిన్నపిల్లలా ఏడుస్తుంది. నాకోసం కాస్త నటించు."

అతను జేబురుమాలు తీసి ముక్కుకి కట్టుకున్నాడు.

హాల్లో పెద్దవాళ్ళందరూ కాగితం కిరీటాలతో రాజులూ రాణుల్లా కూర్చున్నారు. అమ్మమ్మ ఒళ్ళో మేలిముసుగు పరుచుకుని కుడుతోంది. తలెత్తి చూసింది. సూది ఆగింది.

"వచ్చావా అల్లుడూ! మూతికా గుడ్డేమిటి? పంటినొప్పా?"

హాలంతా ఘొల్లుమంది.

"మీరు నయం బాబూ" అంది సిస్టర్ నవ్వాపుకుంటూ. "ఫ్యానబ్బాయికి ఏకంగా మొగుడి పదవే ఇచ్చేసింది."

అతనూ నవ్వబోయాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. పాపం, ఇంతమందిలో సిగ్గుపడుతున్నాడనుకుంది ఆ అమ్మాయి.

ప్రార్థనయింది. పాటయింది. అమ్మమ్మ కిరీటం పక్కకి జారితే ఆ అమ్మాయి వంగి సరిచేసింది. అలా వంగినప్పుడే అమ్మమ్మ మేలిముసుగు తీసి ఆమె తలమీద వేసింది. రెండు చేతులతో బుగ్గలు పట్టుకుని ఎగాదిగా చూసింది.

"దిష్టి తగిలేలా ఉన్నావే తల్లీ! నా మనవరాలి పెళ్ళికీ నేనే కుట్టాను. అదీ ఇలాగే వెలిగిపోయింది."

ఆ అమ్మాయికి ఏడుపొచ్చింది. తనని ఇంత ముద్దుగా చూసినవాళ్ళు ఎవరున్నారు? కాబోయేవాడి వైపు తిరిగింది. అతను నేల చూస్తున్నాడు.

"కేకు పంచాలి, ఓ చెయ్యి వెయ్యమ్మా" అని మదర్ పిలిచింది. మేలిముసుగు జాగ్రత్తగా మడిచి భుజాన వేసుకుని వెళ్ళింది. అమ్మమ్మకి మెత్తటి ముక్క ఏరి ప్లేటులో పెట్టుకుని తిరిగొస్తూ, స్తంభం దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ మాటలు వినబడ్డాయి.

"పాపకి జ్వరం తగ్గిందా బాబూ?"

"తగ్గింది."

"దగ్గో?"

"దగ్గూ తగ్గింది. రాత్రి బాగా నిద్రపోయింది."

ఆ అమ్మాయి అక్కడే ఆగిపోయింది. గుండె నిండిపోయింది. నటించమన్నందుకు ఎంత చక్కగా నటిస్తున్నాడు! లేని పాపకి లేని జ్వరం, దాన్నెంత ఓపిగ్గా తగ్గిస్తున్నాడు! ఈ మనిషిమీదనా తనిందాక గేటు దగ్గర విసుక్కుంది? ఆ ముచ్చట చెడగొట్టడం ఇష్టంలేక స్తంభం చాటునే నిలబడింది.

అతను హాలంతా ఒకసారి కలయజూశాడు. రుమాలు కిందికి లాగి, అమ్మమ్మ ముందు మోకాళ్ళమీద కూర్చుని, ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. గొంతు బాగా తగ్గించాడు.

"నేనిక్కడికొచ్చానని మాత్రం ఫోన్లో మీ మనవరాలితో అనకండి అమ్మమ్మా."