లైవ్‌ల మన మిషనరీ

ఆదివారం పొద్దుగాల చేవెళ్ల నుంచి మొయినాబాద్ పోవుడంటే పరలోకం పోయినంత కష్టం. సిటీల ఉన్న కార్లన్నీ వారమంత ఆగి ఆ రోజే రిసార్టులకు బయలెల్తయి. బస్సు కదలది. కండక్టర్ ముందుకు జరగమంటనే ఉంటడు, ముందట జాగ ఉండది.

వసంత చర్చికి చేరేసరికి ఆరాధన సగమైంది. సప్పుడు చెయ్యకుండ వెనుక కూసుందామనుకున్నది. పాస్టరు సాముయేలు మైకులనే పిలిచిండు.

"మిషనరీ గారి భార్య వెనుక కూసుంటే ఎట్లమ్మా? ముందటికి రా. నీ కుర్చీ నీకే ఉన్నది."

అన్నీ ప్లాస్టిక్ కుర్చీలే గని వసంత కుర్చీ మీద టవల్ కప్పుతరు. ఆమె భర్త స్వామిదాసును జాంబియాకు మిషనరీగ సాగనంపిన కాడి నుంచి ఆ టవల్ గౌరవం నడుస్తున్నది. ఆ సాగనంపుడు మామూలుగ కాలే. వీసా చేతికి రాకముందే చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాక ఫ్లెక్సీలు కట్టిన్రు. శాలువలు కప్పిన్రు, మటన్ బిర్యానీ తిన్నరు, కావలించుకొని ఏడ్చిన్రు. అంత తిని అంత ఏడ్చినంక మనిషి దేశం దాటక తప్పది.

స్వామిదాసు మంచోడు. సంఘం పైసలు పంపుతమంటె గూడ వద్దన్నడు, నా కష్టం నేను తింట అన్నడు. నెలకొక ఆదివారం మాత్రం వీడియో కాల్‌ల సాక్ష్యం చెప్తడు, సంఘమంత గోడ మీది తెర మీద చూస్తది. ఇయ్యాల ఆ ఆదివారమే.

"ఏం వదినె, చెమటలు పడ్తున్నయి?" పక్క కుర్చీల సమత అడిగింది. ఎవరింట్ల ఏం లొల్లి అయితున్నదో ఈమెకు ప్రార్థన అంశాల రూపంల తెలుస్తది.

"ఏం లేదు. బస్సుల నిలవడి వచ్చిన."

"అన్న యాదికొచ్చిండని చెప్పరాదు."

వసంత కొంగుతోని మొహం తుడుసుకున్నది. ఆమె ఫికర్ వేరే. నిన్న స్వామిదాసు ఫోన్ చేసి, "రేపు సంఘం ముందట ఉన్నది ఉన్నట్టు చెప్త. నాతోని ప్రార్థన అయితలేదు వసంతా. మోకాళ్ళ మీద కూసుంటున్న, మాట వస్తలేదు," అన్నడు.

"నీ ప్రార్థన ఆగితే దేవునికొక్కనికే తెలుస్తది. సంఘానికి చెప్తె చేవెళ్ల మొత్తానికి తెలుస్తది. మన ఇజ్జత్ ఏం కావాలె?" అని ఆమె బతిమాలింది. అతను ఫోన్ పెట్టేసిండు.

తెర మీద స్వామిదాసు మొహం కనవడ్డది. బక్కగైండు.

"వందనాలు అయ్యగారు."

సంఘ పెద్ద ప్రభాకర్ మైకు గుంజుకున్నడు. రిటైరైనంక ఆయన మాట నడిచేది ఆ మైకులనే. "బ్రదర్, అక్కడ సింహాలు గిట్ల కనవడ్తయా?"

"లేవన్న. కుక్కలు మస్తున్నయి."

"జనం వాక్యం ఎట్ల వింటున్నరు?"

"ఎవ్వలు వింటలేరన్న. శనివారమొస్తె తెల్లారేదాక పాటలు పెట్టుకొని తాగుతరు, ఎగురుతరు. పొద్దుగాల నేను సీసాలు ఏరుత."

"చూసిన్రా తగ్గింపు గుణం!" సాముయేలు కండ్లు తుడుసుకున్నడు. "మనమైతె తిన్న పళ్ళెం ఎత్తం."

మగోళ్ళంత ఫ్యాన్ల దిక్కు చూసిన్రు.

"పొగడకున్రి అయ్యగారు. జర ఇనున్రి." స్వామిదాసు ఫోన్‌కు దగ్గరికి జరిగిండు. "మొన్న ఒకాయన తాగి నా భుజం పట్టుకొని ఏడ్చిండు. కొడుకు దవాఖానల ఉన్నడంట. నా మెడల సిలువ చూసి ప్రార్థన చెయ్యమన్నడు. నోరు తెరిచిన, ఒక్క మాట రాలె. మీ ముందట ఒకటి, దేవుని ముందట ఒకటి చెప్పే నోరు ఇది. దీంతోని ఏం అడగాలె? ఆయనతోని కలిసి నేను గూడ ఏడ్చిన, అంతే."

సమత వసంత చెయ్యి పట్టుకున్నది.

"రెండేండ్లల్ల నేను చేసిన అసలు ప్రార్థన ఆ ఏడుపే అయ్యగారు. ఎన్నడో చెప్పాల్సింది. ఫ్లెక్సీల మీద నా ఫోటో యాదికొచ్చి ధైర్యం చాలలే. మీరనుకునే మనిషిని కాను నేను. మీ ముందటికొచ్చి, నిలవడి, అన్నీ ఒప్పుకుంట."

వసంత దిగ్గున లేచింది. "కట్ చెయ్యున్రి! సిగ్నల్ సరిగ లేదు!"

సిగ్నల్ ఎన్నడు లేనంత బాగున్నది.

"రా బ్రదర్," అన్నడు సాముయేలు. "అలసిపోయినవు. నిన్ను ఎవ్వలు ఒక మాట అనరు, నేను చూసుకుంట. ఎప్పుడొస్తవు?"

"ఇప్పుడే బయలెల్తున్న."

తెర నల్లగైంది.

"విశ్వాసమంటె అది! టికెట్ గూడ చూడలే!" అన్నడు ప్రభాకర్.

చర్చి మొత్తం లేచింది. ఎయిర్‌పోర్టుకు ఎన్ని కార్లు పెట్టాలె, ఫ్లెక్సీల పాత ఫోటో ఉండాల్నా కొత్తది ఉండాల్నా, మటనా చికెనా.

"వదినె, ఫ్లైటు దుబాయ్ మీదికెళ్ళి వస్తదా?"

"ఎల్లుండి దిగుతడా అమ్మా?"

వసంత టవల్ కుర్చీని గట్టిగ పట్టుకొని తలుపు దిక్కే చూస్తున్నది. ఇంతమంది అడుగుతుంటె పాపం ఆమె ఏం చెప్పాలె? కథ చెప్పే నాకే తోస్తలేదు. చదివేటోళ్ళారా, మీకు దండం పెడ్త, ఏదన్న ఉపాయం ఉంటె జల్ది చెప్పున్రి, టైం లేదు.

పావుగంటల స్వామిదాసు చర్చి మెట్లెక్కిండు, పక్కనే ఉన్న అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్ వాచ్‌మన్ డ్రెస్ మీదనే.