ముందు సీటు

"ఈ బండి ఎస్సవీరాకేనా నాయనా?"

అగాదిర్ టాక్సీ స్టాండులో పాత మెర్సిడెస్ ముందు నిలబడి అడిగిందో ముసలావిడ.

"తలుపు మీద రాసుంది కదమ్మా," అన్నాడు డ్రైవరు బూజమా చిరాగ్గా.

"నాకు చదువు రాదు. అంకెలు మటుకు వచ్చు." తలుపు మీది 294 నంబరును వేలితో మెల్లగా తడిమింది. "నీ పక్కనున్న ముందు సీట్లు రెండూ నాకే కావాలి. ఇద్దరి డబ్బులూ ఇస్తాలే."

"ఒక్కదానివి రెండు సీట్లేం చేసుకుంటావు?"

"సముద్రం చూస్తూ దర్జాగా పోతా."

వెనక సీట్లో ఇరుక్కుని కూర్చున్న నలుగురూ నవ్వారు.

బూజమాకి నవ్వు రాలేదు. కారు అతనిదే. టాక్సీ నడిపే పర్మిట్ మాత్రం ఎవరో సైనికుడి భార్యది. మొగుడు యుద్ధంలో పోయినందుకు సర్కారు ఆవిడకిచ్చింది. పదిహేడేళ్ళుగా పర్మిట్ అద్దె బ్రోకరు చేతిలో పెట్టడమే కానీ, ఆవిడ మొహం బూజమా ఎన్నడూ చూడలేదు. ఇవాళ్టితో ఆ ఒప్పందం గడువు సరి. సాయంత్రం అసర్ నమాజు వేళకి ఎస్సవీరా కోటలో దస్తావేజులు రాసే తహామీ కొట్టుకి ఆవిడ వస్తుందట. అదే పర్మిట్ కోసం హాజీ లార్బీ రెట్టింపు అద్దె ఇస్తానని కాచుకుని ఉన్నాడు. ఆవిడ అటు మొగ్గితే బూజమా సంసారం రోడ్డున పడ్డట్టే.

బండి బయల్దేరింది.

"ఇంజను బాగానే ఉందే!"

"ఊఁ."

"పిల్లలెంతమంది?"

"ముగ్గురు."

"నీ పేరు?"

"బూజమా. ఏం పెద్దమ్మా, పిల్లనిస్తావా?"

"నీ మొహానికి ఒకత్తి దొరికిందిగా, చాల్లే," అంది ఆవిడ. ఈసారి బూజమా కూడా నవ్వేశాడు.

లైట్‌హౌస్ మలుపు తిరగ్గానే సముద్రం ఒక్కసారిగా ఎదురొచ్చింది.

"కాస్త ఆపు నాయనా."

ఆపాడు. ఆవిడ దిగి, కొండ అంచున నిలబడి తనివితీరా చూసింది. వెనక నుంచి దర్జీ అల్లాల్ గొణిగాడు. "సముద్రం ఎక్కడికీ పోదు, మనకే ఆలస్యమవుతోంది."

దారిలో తమ్రీ ఊళ్ళో మళ్ళీ ఆపించి అరటిపళ్ళు కొంది. అందరికీ తలా ఒకటి పంచింది. బూజమా తన పండుని స్టీరింగు ముందు పడేసి బండి ఉరికించాడు.

ఘాటు ఎక్కుతుండగా ఇద్దరు విదేశీయులు అడ్డంగా చేతులూపారు. మొగుడూ పెళ్ళాలు. పక్కన వాళ్ళ అద్దెకారు పొగలు చిమ్ముతోంది. మొగుడు నోట్లు తీసి గాల్లో ఆడించాడు. రెండు సీట్లకి పది సీట్ల డబ్బు!

ఇది తీసుకెళ్ళి బయానాగా ఆ పర్మిట్ ఆవిడ ముందు పెడితే, హాజీ లార్బీ నోరు మూతపడుతుంది. బూజమా ఇంకేం ఆలోచించలేదు.

"పెద్దమ్మా, కాస్త దిగు. వెనకే ఇంకో బండి వస్తుంది."

"నేనూ అసర్ లోపలే చేరాలి నాయనా. పనుంది."

"ఎవరికి లేవు పనులు? ఇవాళ నా చేతిలో ఈ డబ్బు పడకపోతే నా పిల్లల నోట్లో మట్టే!"

"అయ్యో, పెద్దావిడ కదా..." అంది వెనక నుంచి ఒకామె.

"దిగమను తల్లీ, అడుగడుక్కీ ఆపిస్తోంది," అన్నాడు అల్లాల్.

ముసలావిడ బూజమా మొహంలోకి చూసింది.

"నేను దిగితే నీ పని అవుతుందా?"

"అవుతుంది."

"నిజంగా?"

"అబ్బ! అవుతుందమ్మా!"

"సరే అయితే."

దిగింది. ఆమె డబ్బులు తిరిగిస్తే పుచ్చుకోలేదు. తలుపు మాత్రం చప్పుడు కాకుండా తనే వేసింది. మేకలు మేస్తున్న ఆ ఎండ మలుపులో ఆవిడ నిలబడిపోవడం అద్దంలో కనబడింది. బూజమా చూపు తిప్పేసుకున్నాడు.

ఎస్సవీరా కోట గోడ బయట బండి ఆపి, సందులన్నీ పరుగున దాటి తహామీ కొట్లో పడ్డాడు.

"ఒక్కడివే వచ్చావేం?" అన్నాడు తహామీ కళ్ళజోడు మీంచి చూస్తూ.

"ఇంకెవరితో రావాలి?"

తహామీ ముసిముసిగా నవ్వి గుమ్మం వైపు చూశాడు. "సరేలే, నడవలేక మెల్లగా వస్తోందేమో. కూర్చో."

బూజమాకి అదేం పట్టలేదు. నోట్లు బల్ల మీద పెట్టాడు.

"అయ్యా తహామీ, హాజీ అంత నేనివ్వలేను. ఇది బయానాగా ఉంచుకోమని నువ్వే ఆ తల్లికి నచ్చజెప్పాలి."

"డబ్బెవరడిగారయ్యా? హాజీ మాటని ఆవిడ ఎప్పుడో తోసిపారేసింది. 'పదిహేడేళ్ళలో ఒక్క నెల అద్దె ఎగ్గొట్టని మనిషి. అతని నోటికాడి కూడు లాగను' అంది. తను బతికున్నన్నాళ్ళూ పర్మిట్ నీకే, పాత అద్దెకే. కాగితం రాసేశా. ఆవిడ వేలిముద్రే తరువాయి."

మొహం కూడా తెలియని మనిషి బూజమా పిల్లల్ని గట్టెక్కించింది. రెండు చేతులతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆ మహాతల్లి నుదుట ముద్దు పెట్టుకోవాలి. ఎక్కడుందో చెప్పు, నేనే వెళ్ళి బండిలో తీసుకొస్తా!"

పక్క మసీదులోంచి అసర్ అజాన్ మొదలైంది.

తహామీ మొహంలో నవ్వు మాయమైంది.

"నువ్వు వెళ్ళి తీసుకురావడమేంటి? పొద్దున అగాదిర్ స్టాండు నుంచే ఫోన్ చేసింది కదా, 'నా పర్మిట్ నంబరు 294 ఉన్న బండి కనబడింది, జన్మకోసారి ముందు సీట్లో కూర్చుని సముద్రం చూసుకుంటూ వస్తా, దిగేదాకా నేనెవరో అతనికి చెప్పను' అని. ఇంతకీ ఆవిణ్ణి ఎక్కడ దించావు?"