స్పాంజి కేకు మీద గుంట

తెల్లారితే ఊళ్లో పూలూ కూరగాయల పోటీ. ఊరి హాల్లో బల్లల మీద ఉల్లిగడ్డలూ, జామ్ సీసాలూ, కేకులూ అప్పుడే కొలువుదీరాయి. క్లైవ్ తాళాలు పట్టుకుని గుమ్మంలో ఆవులిస్తున్నాడు.

"ఇంక రా హిల్డా. ఈసారి కేకుల కప్పు నీదే. అడ్డం పడ్డానికి మ్యూరియల్ లేదుగా!"

"ఊరుకో క్లైవ్. పోయినావిడ గురించి ఏం మాటలవి!"

అందే గానీ, హిల్డాకు లోలోపల సంతోషంగానే ఉంది. ఏళ్ల తరబడి ఆ కప్పు మ్యూరియల్‌దే. పైగా ఏటా పోటీ ముందు రాత్రి వచ్చి, హిల్డా కేకును వేలితో నొక్కి, "పాపం, మళ్లీ పచ్చిగానే ఉంది" అని పెదవి విరిచేది. ఈ వసంతంలోనే ఆవిణ్ణి పూడ్చిపెట్టారు.

తాళం వేసి కారు దాకా వెళ్లాక హిల్డాకు కళ్లజోడు గుర్తొచ్చింది. తాళాలూ టార్చీ తీసుకుని ఒక్కతే వెనక్కి వెళ్లింది.

కళ్లజోడు బల్ల మీదే ఉంది. పెట్టుకుని చూస్తే, తన కేకు నడిమధ్య వేలితో నొక్కినట్టు చిన్న గుంట. ఆమె చూస్తుండగానే అది మెల్లగా పైకి లేచి చదునైపోయింది.

'హమ్మయ్య, నొక్కితే పైకి లేచిందంటే లోపలిదాకా ఉడికినట్టే' అనుకుంది ముందు. ఎవరో నొక్కి అప్పుడే వేలు తీశారని ఆ తర్వాత తట్టింది.

"ఎవరది?"

కేకు మీద ఇంకో గుంట దిగింది.

హిల్డా టార్చి దగ్గరగా పెట్టి చూసింది. ఈసారి గుంట పైకి లేవలేదు. నొక్కిన వేలు ఇంకా తీయలేదు.