తొమ్మిదో దీపం

"ఎవరు మీరు? లోపలికి ఎవరు రానిచ్చారు?"

రోమీనా గొంతులో సగం కోపం, సగం వణుకు.

తెర లేవడానికి ఇంకా గంటే ఉంది. దీపాల పని మొత్తం తన ఒక్కదాని నెత్తి మీద పడ్డ మొదటి నాటకం ఇది. పొద్దుట్నుంచి మాతే ఆకు కాచిన చేదు తేనీటి గుక్కలు తప్ప ఆమె గొంతులోకి మరేదీ దిగలేదు.

రంగస్థలం మధ్యలో ఒక ముసలాయన తల పైకెత్తి నిలబడి ఉన్నాడు. ఒంటి మీద పసుపు స్వెట్టర్.

నాయిక వేషం కట్టిన అనాయీ పక్క తెర చాటునుంచి చూసి కెవ్వుమంది.

"పసుపు! మొదటి ఆట రోజున స్టేజీ మీద పసుపు! బయటికి పంపు రోమీనా, మన కొంప మునుగుతుంది!"

స్టేజీ మీద పసుపు కనిపిస్తే నాటకం గోవిందా అని మాంటెవీడియో నటులందరికీ గట్టి నమ్మకం.

ముసలాయన ఆ కేకలేవీ పట్టించుకోలేదు. పైన ఇనుప గొట్టానికి వేలాడుతున్న దీపాలనే లెక్కపెడుతున్నాడు.

"అమ్మాయీ, ఆ తొమ్మిదో దానికి గొలుసు తగిలించావా?"

రోమీనాకు ఒళ్ళు మండింది. ఒక్కో దీపం పది కిలోలు. మర ఊడినా దీపం కింద పడకుండా పట్టుకునేది ఆ గొలుసే. ఆ సంగతి ఎవరో దారిన పోయే మనిషి వచ్చి తనకు చెప్పాలా?

"అన్నిటికీ తగిలించాను తాతా. ఇక బయల్దేరండి."

"గొట్టం మీద దుమ్ము చెరిగి ఉంది. ఇవాళే పక్కకు జరిపినట్టున్నారు. ఒక్కసారి ఎక్కి చూడమ్మా."

"ముందు మీ స్వెట్టర్ సంగతి చూసుకోండి!" అంది అనాయీ.

ఆయన వెంటనే స్వెట్టర్ విప్పేశాడు. అక్కడ జులై అంటే నడి చలికాలం. ఆ చలిలో బనీనుతో నిలబడ్డాడు.

"ఇప్పుడు చూస్తారా?"

సెట్టు మోస్తున్నవాళ్ళు పకపకా నవ్వారు. "తాతకు హీరో వేషం ఇచ్చెయ్యండ్రా!" అన్నాడొకడు.

రోమీనా కూడా నవ్వింది. నవ్వుతూనే ఆయన్ని రెక్క పట్టుకుని తీసుకెళ్ళి, వానలోకి పంపి తలుపేసింది.

పసుపు గుడ్డకు అంతగా హడలిపోయినవాళ్ళలో ఒక్కరూ నెత్తి మీది ఇనుము వైపు చూడలేదు.

రోమీనా తిరిగొచ్చి దీపాల మీటల ముందు కూర్చుంది. చూపు మాత్రం మాటిమాటికీ పైకే పోతోంది.

పొద్దున తొమ్మిదో దాన్ని జానెడు జరిపిన మాట నిజమే. మర బిగించినట్టే గుర్తు. తర్వాత? గొలుసు తగిలించే ఉంటాను. తగిలించకుండా ఎందుకు దిగుతాను? అప్పుడే కదా దర్శకుడు కింద నుంచి కేకేశాడు...

ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు.

చివరి అంకంలో అనాయీ పది నిమిషాలు కదలకుండా నిలబడేది సరిగ్గా ఆ దీపం కిందే.

"జనాన్ని వదలనా?" తలుపు దగ్గర్నుంచి నెల్బా అడిగింది. నలభై ఏళ్ళుగా ఆ హాలు గుమ్మం కాసేది ఆమే.

"వద్దక్కా! ఒక్క నిమిషం, ఎవర్నీ వదలొద్దు!"

నిచ్చెన ఈడ్చుకొచ్చి ఎక్కింది.

గొలుసు గాలిలో ఊగుతోంది. మర చివరి చుట్టు మీద ఉంది. వేలితో తాకితే దీపం కదిలింది.

కింద సరిగ్గా అక్కడే నిలబడి అనాయీ మాటలు వల్లె వేసుకుంటోంది.

"పక్కకు జరుగు! జరగవే!"

గొలుసు కొక్కెం తగిలించి, మర బిగించి దిగేసరికి రోమీనా ఒళ్ళంతా చెమటలు పట్టాయి. సిగ్గుతో ముఖం మండిపోతోంది. అలాగే వీధిలోకి పరుగెత్తింది.

వీధిలో వాన తప్ప మనిషి లేడు. వెనక్కి తిరిగి గుమ్మంలో ఉన్న నెల్బాని అడిగింది.

"ఇందాకటి ముసలాయన ఎటెళ్ళాడక్కా? ఆయన్ని క్షమాపణ అడగాలి."

"మిల్టనా? బస్సెక్కేశాడు. ఊళ్ళో ఎక్కడ కొత్త నాటకం పడ్డా ఇలాగే వస్తాడు. అన్ని చోట్లా గెంటేస్తారు. అయినా మానడు. అందుకే నేను లోపలికి పోనిస్తాను."

"ఆయనకెందుకక్కా అంత పట్టింపు?"

నెల్బా గొంతు తగ్గించింది.

"నువ్వు కూర్చునే చోట ఇరవై ఏళ్ళు కూర్చున్నాడమ్మా. ఒకే ఒక్కరోజు, ఒకే ఒక్క దీపానికి గొలుసు తగిలించడం మరిచిపోయాడు, ఆ రోజు దాని కింద నిలబడింది ఆయన కూతురే."