డిసెంబరులో మామిడి ఫ్యాక్టరీ

మా చెల్లెలు యోగిత తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టకుండా, క్లాసంతా చూస్తుండగా నవ్వి పంపేశారు, హెచ్‌వోడీ గారూ.

మొదటి సంవత్సరం ఫుడ్ టెక్నాలజీ చదివే పిల్ల, ఈ సెలవుల్లో ఆగిరిపల్లి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని నేర్చుకుంటానని అడిగింది. "ఇప్పుడే ఫ్యాక్టరీ ఏంటమ్మా, కాయలు తినడానికా? ముందు మార్కులు చూసుకో. ఫైనలియర్‌లో మేమే తీసుకెళ్తాం" అన్నారట.

తీసుకొస్తారు. నేను అక్కడే క్రేట్లు ఎత్తుతాను కాబట్టి చూస్తూనే ఉన్నాను. ఏటా డిసెంబరులో బస్సేసుకుని వస్తారు. కాయ వచ్చేది మే, జూన్ నెలల్లో. డిసెంబరుకి మిషన్లన్నీ కడిగి పట్టాలు కప్పేసి ఉంటాం. పోయినసారి ఒకమ్మాయి పట్టా ఎత్తి చూడబోతే "ముట్టుకోకమ్మా, పాడవుద్ది" అని మీరే కసిరారు. ఆ పట్టాల పక్కనే ఫోటో దిగి, సర్టిఫికెట్లు పంచి వెళ్లిపోయారు.

గుజ్జు ఎంత వేడి దాకా కాగాలో, ఏ వాల్వు ఎప్పుడు తిప్పాలో తిట్లు తింటూ నాకు నేనే నేర్చుకున్నాను. నేర్పినవాడు లేడు.

చదువులేని కూలోడు నాకు చెప్పేదేంటి అనుకుంటున్నారేమో. మీ గదిలో గోడ మీద టాపర్ల ఫోటోలున్నాయి కదండీ, కిటికీ వైపు రెండోవాడు సుభాష్, నేనే. ఫస్టియర్‌లో నేనూ ఇదే అడిగాను. మీరు ఇదే చెప్పారు. నేను విన్నాను. మార్కులొచ్చాయి, చేతికి పని రాదని ఎవరూ ఉద్యోగమివ్వలేదు, చివరికి క్రేట్లెత్తే పనే దొరికింది. మూడు డిసెంబర్లుగా మీ చేతికి మంచినీళ్లు అందిస్తున్నాను, ఒక్కసారీ గుర్తుపట్టలేదు.

సోమవారం మిషన్లు మొదలవుతాయి. శనివారం సాయంత్రంలోపు యోగిత కాగితం మీద సంతకం పెట్టండి. పెట్టకపోతే నా ఫోటో గోడ మీంచి తీసి ఆ పిల్ల చేతికివ్వండి.